కట్టప్ప బాకీ

ముందే చెప్తున్నా, ఇందులో 2021 డిసెంబర్లో వచ్చిన స్పైడర్‌మాన్ సినిమా 'నో వే హోమ్' కథ ఉంది. బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడో కూడా ఉంది. ఇన్నేళ్ళయినా ఆ రెండూ చూడనివాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి ఇక్కడే ఆగిపోండి. నవ్వకండి. ఇలాంటి హెచ్చరిక ముందు పెట్టాలన్న జ్ఞానం నాకు కలగడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మొన్నామధ్య ఇక్కడ డల్లాస్‌లో మా తెలుగువాళ్ళ పాట్‌లక్‌కి వెళ్ళాం. పిల్లలంతా ఒక మూల చేరి, రాబోయే ఏదో సూపర్‌హీరో సినిమాలో ఎవరు పోతారు, ఎవరు తిరిగొస్తారు అని తెగ వాదించుకుంటున్నారు. ఒకడు ఫోనులో ఏదో చదివి "అసలు కథ బయటికొచ్చేసింది, చెప్పనా?" అన్నాడు. మిగతావాళ్ళు చెవులు మూసుకుని అరిచారు. పెద్దల బల్ల దగ్గర మా మిత్రుడొకాయన గారె తుంచుకుంటూ, "రామాయణం కథ అందరికీ తెలుసు, అయినా వెయ్యిసార్లు వింటాం. కథ తెలిస్తే ఏం పోయిందండీ వీళ్ళకి?" అన్నాడు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు. ఎందుకు ఊపలేదో అక్కడ చెప్పడం మొదలుపెడితే బిర్యానీ చల్లారిపోయేది కాబట్టి ఇక్కడ చెప్తున్నాను.

నిజానికి ఆ రామాయణం మాట నేను కూడా చాలాసార్లు వాడినవాణ్ణే. మొదటిసారి మా బావ మీద వాడాను.

2015 జూలై 10న బాహుబలి మొదటి భాగం వచ్చింది. చివర్లో కట్టప్ప వెనకనుంచి కత్తి దించాడు, రాజమౌళి తెర దించేశాడు. అక్కణ్ణించి 2017 ఏప్రిల్ 28 దాకా, అంటే రెండేళ్ళకి కాస్త తక్కువ, తెలుగు తెలిసిన ప్రతి ఇంట్లోనూ అదే ప్రశ్న. మా బావ తెనాలిలో ఉంటాడు, లెక్కల మాస్టారు. నేను వారానికోసారి అక్కకి ఫోన్ చేస్తే, అక్క మాట్లాడటం అయ్యాక ఆయన ఫోన్ తీసుకుని కట్టప్ప మీద కొత్త సిద్ధాంతం ఒకటి చెప్పేవాడు. ఒక వారం, "చంపలేదయ్యా, అదంతా నాటకం, బాహుబలి బతికే ఉన్నాడు." ఇంకో వారం, "శివగామి మీద ఒట్టు వేశాడు, అందుకే." మరో వారం, చంపినవాడు కట్టప్పే కాదు, కట్టప్ప వేషంలో ఉన్న ఇంకోడు. ప్రతిదానికీ సినిమాలోంచి ఆధారం చూపించేవాడు. అంతకుముందు పదేళ్ళలో ఆయన నాతో మాట్లాడింది "బాగున్నావా, అక్కడ చలా?" అన్న రెండు ముక్కలే.

తెలుగు సినిమాలకి ఇక్కడ ప్రీమియర్లు గురువారం సాయంత్రమే పడతాయి కదా. ఆ గురువారం నేను చూసేశాను. ఇంటికొచ్చి నిద్రపట్టక తెనాలికి ఫోన్ కలిపాను. "బావా, చూశాను" అన్నా. "ఆగవయ్యా, ఆగు, మాకు ఆదివారం టికెట్లు" అన్నాడు. నేను ఆగలేదు. సింహాసనానికి కట్టుబానిస కాబట్టి, శివగామి ఆజ్ఞ వేస్తే కాదనలేక చంపాడు, ఆమెని తండ్రీకొడుకులిద్దరూ మోసం చేసి ఆ ఆజ్ఞ వేయించారు అని గడగడా చెప్పేశాను. అటునుంచి ఏమీ వినపడలేదు. లైను తెగిందేమో అనుకున్నా. తర్వాత "ఓహో" అన్నాడు. "కథ తెలిస్తే ఏమైంది బావా, రామాయణం తెలిసీ వింటాం కదా" అన్నాను. "అంతేలే" అని ఫోన్ అక్కకి ఇచ్చేశాడు.

శివగామి అని ఆయన ఎప్పుడో చెప్పాడు. అంటే సగానికి పైగా సరిగ్గానే కనిపెట్టాడు. అది నాకు తట్టడానికి నాలుగేళ్ళు పట్టింది.

ఇక స్పైడర్‌మాన్ సంగతి. నేను అమెరికా వచ్చిన కొత్తలో, 2002 మే నెలలో, ప్రాజెక్టు లేక బెంచి మీద గెస్ట్‌హౌస్‌లో నలుగురం గోళ్ళు గిల్లుకుంటున్న రోజుల్లో టోబీ మగ్వైర్ స్పైడర్‌మాన్ వచ్చింది. ఇక్కడి హాల్లో నేను చూసిన మొదటి సినిమా అదే. చేతిలో డబ్బుల్లేని కుర్రాడు హీరో అయ్యేసరికి మా నలుగురికీ తెగ నచ్చింది. తర్వాత 2012లోనూ 2014లోనూ ఆండ్రూ గార్‌ఫీల్డ్ ఆ వేషం వేశాడు. 2016 నుంచి టామ్ హాలండ్. ముగ్గురూ పీటర్ పార్కర్లే, ఒకరి కథకీ ఇంకొకరి కథకీ సంబంధం లేదు. 2021లో రాబోయే సినిమాలో ఈ ముగ్గురూ కలిసి కనిపిస్తారని పుకారు పుట్టింది.

అప్పటికి మా అబ్బాయికి పదమూడేళ్ళు. ఆ వయసు పిల్లలున్నవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. స్కూలెలా ఉందిరా అంటే "ఫైన్". మధ్యాహ్నం ఏం తిన్నావు అంటే "ఫుడ్". కరోనా వల్ల నేను వారంవారం విమానమెక్కి క్లయింటు దగ్గరికి పోవడం ఆగిపోయి ఏడాదిన్నరగా ఇంట్లోనే ఉన్నా, మా ఇద్దరి మధ్య మాటలు మాత్రం పెరగలేదు. అలాంటివాడు ఆగస్టులో ఒక రాత్రి నా గది తలుపు తట్టి, "నాన్నా, నువ్వు 2002 సినిమా థియేటర్‌లో చూశానన్నావు కదా?" అని అడిగాడు. ఆ రోజు నుంచి మాకు పని దొరికింది.

వాడు ఆధారాలన్నీ ఒక తెల్లబోర్డు మీద రాసిపెట్టాడు. 2020 అక్టోబర్లో జేమీ ఫాక్స్, తను ఎలక్ట్రోగా తిరిగొస్తున్నానని చెప్తూ ముగ్గురు స్పైడర్‌మాన్‌లున్న బొమ్మ ఒకటి పెట్టి మళ్ళీ తీసేశాడు. 2021 ఏప్రిల్లో ఆల్‌ఫ్రెడ్ మొలీనా, 2004లో నీళ్ళలో మునిగిపోయిన డాక్టర్ ఆక్టోపస్‌గా తనే మళ్ళీ వస్తున్నానని వెరైటీ పత్రికకి దాపరికం లేకుండా చెప్పేశాడు. విలన్లు పాత సినిమాల్లోంచి వస్తుంటే వాళ్ళతో కొట్లాడిన హీరోలు రారా? వాదన సబబుగానే ఉంది. ఇంకోపక్క టామ్ హాలండ్ వాళ్ళిద్దరూ లేరన్నాడు. గార్‌ఫీల్డ్‌ని ఎవరడిగినా లేదనే చెప్పాడు. మా వాడు బోర్డు మీద 'లేదన్నవాళ్ళు' అని ఒక గడి గీసి, దాని కింద 'ఈ జట్టే ఫిబ్రవరిలో సినిమా పేరు మీద కూడా అబద్ధాలు చెప్పింది' అని రాశాడు. అది నిజమే. ముగ్గురు నటులు మూడు దొంగ పేర్లు ప్రకటించి, మర్నాడు అసలు పేరు బయటపెట్టారు.

ప్రొడక్షన్లో ఏదైనా కుప్పకూలితే లాగ్ ఫైళ్ళు ముందేసుకుని ఏ క్షణాన ఏం జరిగిందో వెతకడం నా వృత్తి. అది ఇంట్లో ఎవరికైనా ఉపయోగపడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. నవంబర్ 16న రెండో ట్రైలర్ వచ్చినప్పుడు వాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ఫ్రేమూ కదిలించాడు. ఒక చోట ముగ్గురు విలన్లు గాల్లోకి ఎగిరి దూకుతుంటారు, ఎదురుగా స్పైడర్‌మాన్ ఒక్కడే. "ముగ్గురూ వాడివైపే దూకటం లేదు, చూడు" అన్నాన్నేను. గీతలు గీసి చూశాం. మధ్యలో ఖాళీలున్నాయి, ఎవర్నో తుడిచేసినట్టు. బ్రెజిల్లో విడుదలైన ట్రైలర్లో అదే దృశ్యం ఒక్క క్షణం ఎక్కువుంది. అందులో బల్లి మనిషి మూతి, కనపడని చెయ్యేదో గుద్దినట్టు పక్కకి తిరిగిపోతుంది! మా వాడు కుర్చీలోంచి లేచి గంతులేశాడు. మా ఆవిడ వచ్చి చూసి, "ఈ శ్రద్ధ ఆల్‌జీబ్రా మీద ఉంటే బావుణ్ణు, తండ్రికీ కొడుక్కీ" అని వెళ్ళిపోయింది.

వాడి సొంత సిద్ధాంతం ఇంకోటుంది. 2014 సినిమాలో గార్‌ఫీల్డ్ తను ప్రేమించిన గ్వెన్ పడిపోతుంటే పట్టుకోబోయి కాపాడలేకపోతాడు. ఈ కొత్త ట్రైలర్లో హాలండ్ స్నేహితురాలు ఎంజే అలాగే ఎత్తునుంచి పడుతుంటుంది, హాలండ్ చెయ్యి చాపుతాడు. "పట్టుకునేది హాలండ్ కాదు, ఆండ్రూ" అన్నాడు మా వాడు. అలా అనుకున్నవాడు ప్రపంచంలో వీడొక్కడే కాదని నాకు తర్వాత తెలిసింది. కానీ వాడు ఎక్కడా చదివి చెప్పలేదు, రెండు సినిమాలు పక్కపక్కన పెట్టుకుని తనే కనిపెట్టాడు. బోర్డుకి అడుగున రాసి చుట్టూ పెట్టె గీశాడు.

అన్నట్టు, ఆగస్టులో మొదటి ట్రైలర్ రావడానికి ఒక రోజు ముందు, ఎవరో ఫోనులోంచి తీసిన, గ్రాఫిక్స్ పూర్తికాని దొంగ ట్రైలర్ బయటికొచ్చింది. వాడు చూడనన్నాడు. ఆశ్చర్యంగా అడిగితే వాడు చెప్పిన ఇంగ్లీషుకి నా తెలుగు ఇది: "అది చూస్తే నాకు తెలిసిపోతుంది. నేను కనిపెట్టినట్టు ఉండదు."

నవంబర్ 29న టికెట్లు అమ్మకానికి పెట్టిన రోజు, టికెట్ల సైట్లు జనం తాకిడికి మొరాయించాయి. మాకు దొరికింది డిసెంబర్ 18 శనివారం పొద్దున ఆట. ఇక్కడే నేను ఒక లెక్క మర్చిపోయాను. మన సినిమాలు మనం ముందు చూసి ఇండియావాళ్ళని ఏడిపిస్తాం. కానీ ఈ సినిమా ఇండియాలో 16నే వచ్చింది, తెలుగు డబ్బింగుతో సహా. అక్కడ గురువారం తెల్లవారితే మనకి బుధవారం రాత్రి.

బుధవారం రాత్రి భోంచేస్తుంటే మా మేనల్లుడు, అంటే ఆ తెనాలి బావ కొడుకు, హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతున్నవాడు, వాట్సాప్‌లో వీడియో పంపాడు. కింద ఏమీ రాయలేదు. ఏ పండగ గ్రీటింగో అనుకుని నొక్కాను. హాల్లో తీసిన పది సెకన్లు, చుట్టూ ఈలలు. ఎంజే పడుతోంది. పట్టుకున్నది ఆండ్రూ గార్‌ఫీల్డ్.

తర్వాత ఇంకో మెసేజి. "మావయ్యా, నాన్నకి కట్టప్ప సంగతి చెప్పారుగా. బాకీ తీరిపోయింది :)"

వాణ్ణి తిట్టడానికి నాకు నోరెక్కడిది?

ఎదురుగా మా వాడు అన్నం కెలుకుతూ, "నాన్నా, ఒకవేళ ఆండ్రూ కాకపోతే? నేను మరీ ఎక్కువ ఊహిస్తున్నానంటావా?" అన్నాడు. నేను "చూద్దాంలే" అన్నాను. గురువారం ఇంకేదో అడిగాడు. "చూద్దాంలే". శుక్రవారం రాత్రి బోర్డు దగ్గర నిలబడి, పెట్టెలో రాసినదాని పక్కన ఎంత శాతం నమ్మకమో వెయ్యమన్నాడు. అంతకుముందు తొంభై అన్నవాణ్ణి, "ఏమోరా, నువ్వే వెయ్" అన్నాను. నిజం చెప్తే వాడి ఆట పోతుంది. అబద్ధం చెప్పడానికి నేను నటుణ్ణి కాదు. ఆండ్రూ గార్‌ఫీల్డ్ సినిమా వచ్చాక, 2022 జనవరిలో, అన్ని నెలలు అబద్ధం చెప్పడం కష్టంగానూ ఉంది, ఆటలా సరదాగానూ ఉంది అన్నాడు. పాత సినిమాలో తన జోడీ ఎమ్మా స్టోన్ పదేపదే అడిగినా లేదనే చెప్పాడట. ఆయనకి సరే, దానికి డబ్బులిచ్చారు. పైగా ఆయన అబద్ధం చెప్తున్నాడేమోనని అడిగేవాళ్ళందరికీ అనుమానం ఉంది. అదీ ఆటలో భాగమే. ట్రైలర్లోంచి ఇద్దర్ని తుడిచేయడమూ అంతే. వాళ్ళు దాచారు, మేం వెతికాం. నేను ఆ మూడు రోజులూ చేసింది మాత్రం ఆట కాదు, ఎందుకంటే నేను ఆటలోంచి వెళ్ళిపోయానని ఎదుటివాడికి తెలియదు.

కథ తెలిస్తే ఏం పోయింది అనేవాళ్ళ దగ్గర గట్టి సాక్ష్యాలే ఉన్నాయి. శాండియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఇద్దరు సైకాలజీ పరిశోధకులు 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. విద్యార్థుల చేత చిన్న కథలు చదివించారు. కొందరికి ముగింపు ముందే చెప్పేశారు, కొందరికి చెప్పలేదు. ముందే తెలిసినవాళ్ళే మొత్తం మీద కాస్త ఎక్కువ ఆనందించారని తేలింది. మన దగ్గర 2013లో 'అత్తారింటికి దారేది' సినిమాలో పెద్ద ముక్క విడుదలకి ముందే బయటికొచ్చేస్తే, భయపడి సెప్టెంబర్ 27కే విడుదల చేశారు. జనం చూసినదాన్నే మళ్ళీ హాలుకెళ్ళి చూసి బ్రహ్మాండంగా ఆడించారు. కాబట్టి సినిమా పాడవదు. ఒప్పుకుంటున్నాను. మా బావ కూడా ఆ ఆదివారం బాహుబలి చూసి బావుందనే చెప్పాడు.

కానీ ఆ విద్యార్థులు ఒక్కొక్కరే కూర్చుని చదివారు. పక్కన కూర్చున్నవాడితో రెండేళ్ళు వాదించి, పందేలు కాసి, అప్పుడు చదవలేదు. కలెక్షన్ల లెక్కలోనూ అది రాదు. రామాయణం మాటకొస్తే, హరికథ వినేవాళ్ళందరికీ సమానంగా తెలుసు. ఒకడికి తెలిసి పక్కవాడికి తెలియని పరిస్థితి అక్కడ లేదు. ఈ పుకార్ల ఆటలో అందరికీ సమానంగా తెలియదు. పదమూడేళ్ళవాడూ నలభై దాటిన నేనూ ఒకే మెట్టు మీద కూర్చునే అవకాశం మా ఇంట్లో ఇంకెక్కడా లేదు. చదువులో నాకు ఎక్కువ తెలుసు, ఫోన్లలో వాడికి ఎక్కువ తెలుసు. లెక్కల మాస్టారైన బావకీ, అమెరికా బావమరిదికీ కూడా ఆ రెండేళ్ళు కట్టప్ప దగ్గర మాత్రమే సమానం. నేను ఆ రాత్రి ఫోన్ చేసి పాడుచేసింది సినిమాని కాదు. ఆ తర్వాత ఆయన మళ్ళీ "బాగున్నావా, అక్కడ చలా?" దగ్గరికి వెళ్ళిపోయాడు.

శనివారం హాలు కిక్కిరిసి ఉంది, అందరికీ మాస్కులు. ఆండ్రూ ముసుగు తీసినప్పుడు, ఆ వెనకే టోబీ మామూలు చొక్కాలో నడిచి వచ్చినప్పుడు, విజయవాడలో మొదటి రోజు మొదటి ఆట గుర్తొచ్చింది. కాగితాలు ఎగరెయ్యడమొక్కటే తక్కువ. నాకూ ఒళ్ళు జలదరించింది, తెలిసీ. ఆ తర్వాత ఎంజే పడింది. హాలండ్‌ని విలన్ మధ్యలోనే లాక్కుపోయాడు. ఆండ్రూ దూకి పట్టుకున్నాడు. నేల మీద దింపి, కళ్ళనిండా నీళ్ళతో బాగున్నావా అని అడిగాడు.

హాలంతా అరుస్తోంది. మా వాడు అరవలేదు. తెర వంక కాకుండా నా మొహం వంక చూశాడు. ఆశ్చర్యపోయినట్టు పెట్టాలని నాకు తోచేసరికే ఆలస్యమైంది.

సినిమా చివర్లో మంత్రం వల్ల లోకమంతా పీటర్‌ని మర్చిపోతుంది. అతను ఎంజే పనిచేసే కొట్టుకి వెళ్తాడు, చెప్పాల్సిందంతా కాగితం మీద రాసుకుని. అతనికి అంతా గుర్తుంది, ఆమెకి ఏమీ తెలియదు. చెప్పకుండా వచ్చేస్తాడు. ఆ సీను నేను సరిగ్గా చూడలేకపోయాను.

కారులో అడిగాడు. "నీకు ముందే తెలుసు కదా?"

"ఊఁ. బుధవారం నుంచి." మేనల్లుడి సంగతి, కట్టప్ప సంగతి అంతా చెప్పాను.

కాసేపు కిటికీలోంచి చూశాడు. "అయితే నేను కరెక్టని నీకు బుధవారమే తెలుసు. నువ్వు చూద్దాంలే, చూద్దాంలే అంటుంటే నేను తప్పేమో అనుకున్నా. నిన్న రాత్రి బోర్డు మీద నలభై శాతం వేశా."

ఇంటికొచ్చాక చూస్తే నిజంగానే నలభై ఉంది. తొంభై కొట్టేసి.

ఆ వారం తెనాలికి ఫోన్ చేసి బావని అడిగాను, ఆ రోజు కోపం వచ్చిందా అని. "కోపమెందుకయ్యా" అని నవ్వేశాడు. కొంచెం ఆగి, "శివగామి అని నేను ముందే చెప్పాను, నీకు గుర్తుందా?" అన్నాడు.

2025 మార్చి 26న మార్వెల్ వాళ్ళు 'అవెంజర్స్: డూమ్స్‌డే' నటుల పేర్లు ప్రకటిస్తూ, వరసగా కుర్చీల వెనక పేర్లు చూపించారు. ఐదున్నర గంటల పాటు కుర్చీలు! బుధవారం, మా వాడు స్కూల్లో ఉన్నాడు. పొద్దున వెళ్తూ నా వంక చూసి ఏమీ అనలేదు. నేను ఫోన్ ఆఫీసు సొరుగులో పెట్టి తాళం వేశాను. ఎమ్మెస్ చేయడానికొచ్చి ఇప్పుడు ఇక్కడే ఉంటున్న మా మేనల్లుడు మధ్యాహ్నం ఆఫీసు నంబరుకే చేశాడు. "మావయ్యా, చూస్తున్నారా?" అన్నాడు. "నోరు ముయ్యరా" అని పెట్టేశాను.

సాయంత్రం ఏడింటికి ఇద్దరం మొదటి కుర్చీ నుంచి మొదలుపెట్టాం. ప్రతి కుర్చీకీ ముందు ఆపి, ఎవరో చెప్పాలి. రెండో కుర్చీ దగ్గరే ఇద్దరం తప్పు చెప్పాం.